హనోయ్ నుంచి సైగాన్ దాకా ఒంటరిగా సైకిలు మీద: ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదావరి_గట్టు · హైదరాబాదు · అక్టోబరు 11, 2025

నమస్కారం. ఈ సైకిలు చర్చావేదికలో మూడేళ్ళుగా అందరి రాతలూ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నా వయసు 36. కాలేజీలో లెక్కలు చెబుతాను. సొంత ఊరు రాజమహేంద్రవరం. ఫిబ్రవరి 25 నుంచి 45 రోజులు జీతం లేని సెలవు దొరికింది. వియత్నాంలో హనోయ్ దగ్గర సైకిలెక్కి సైగాన్‌లో, అంటే ఇప్పటి హోచిమిన్ నగరంలో దిగాలని కోరిక. ఒక్కదాన్నే.

అనుభవం అంటే 200 కి.మీ. బ్రెవేలు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సవారీలు, రెండు. మొదటిది పదమూడున్నర గంటల గడువుకు పాతిక నిమిషాల ముందు ముగించాను. సామాను కట్టుకుని ఊళ్ళు తిరిగింది ఒక్కసారే, అదీ నలుగురితో కలిసి. విదేశం ఎప్పుడూ వెళ్ళలేదు. సైకిలు ఉక్కు చట్రం, 40 మి.మీ. టైర్లు, ముందూ వెనకా క్యారియర్లు.

తీసుకెళ్ళాల్సినవన్నీ రాసి తూకం వేస్తే సైకిలు కాకుండా 31 కిలోలు వచ్చింది. ఎక్కువని తెలుసు. ఏది తీసేద్దామన్నా అదే అవసరమవుతుందేమో అనిపిస్తోంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ముందు ఏం చేయాలి?

వాల్తేరు_వాలు · విశాఖపట్నం · అక్టోబరు 11

అమ్మా, ముందు తేదీల సంగతి చెబుతాను. నేను 2023లో, నాకు 61 ఏళ్ళప్పుడు, ఇదే దారిలో మార్చి నెలంతా తొక్కాను.

మీకు దొరికిన సెలవు మంచి కాలంలో పడింది. చలికాలమంతా అక్కడ ఈశాన్యపు గాలి వీస్తుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్ళేవాళ్ళను వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఉంటుంది. అదే సైగాన్‌లో మొదలుపెట్టి పైకి వచ్చేవాళ్ళు రోజంతా ఆ గాలితో కుస్తీ పట్టాలి. మార్చి దాటితే ఈ సాయం తగ్గిపోతుంది కాబట్టి మొదటి మూడు వారాలు బాగా వాడుకోండి. మధ్య వియత్నాంలో వానలు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. హ్యూ, హొయాన్ వైపు వరదలు వచ్చేది ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో. మీరు వెళ్ళేసరికి అదంతా అయిపోతుంది.

టెట్ వాళ్ళ సంవత్సరాది. 2026లో ఫిబ్రవరి 17న వస్తుంది. దానికి అటూ ఇటూ కలిపి వారం పైగా దేశమంతా సొంత ఊళ్ళలో ఉంటుంది. మన సంక్రాంతికి హైదరాబాదు ఎలా ఖాళీ అవుతుందో అలా. మీరు 26న దిగితే ఆ సందడి ముగిసి ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. వియత్నాం అనగానే ఎండ అనుకుంటాం. ఫిబ్రవరి చివర హనోయ్‌లో 15 డిగ్రీలు, ఆకాశం బూడిద రంగు, జల్లెడతో పట్టినట్టు తుంపర. ఆ తుంపరకు వాళ్ళ భాషలో పేరే ఉంది. నేను చొక్కాలు రెండే పట్టుకెళ్ళి మొదటి వారం వణికాను. వాన కోటు ఒకటి మంచిది కొనండి. 31 కిలోల్లో అది ఉందో లేదో మరి!

డాన్యూబ్_ఒడ్డున · మ్యూనిక్ · అక్టోబరు 12

అందరూ వియత్నాం అంటున్నారు కాబట్టి నేను అడ్డం తిరుగుతాను. మొదటిసారి ఒంటరిగా, అదీ విదేశంలో అయితే డాన్యూబ్ నది దారి కంటే సుఖమైనది లేదు. జర్మనీలోని పస్సౌ నుంచి వియన్నాకు 300 కి.మీ. పైచిలుకు. నది వెంటే దారి, చాలా భాగం సైకిళ్ళకే. ఎత్తుపల్లాలు లేవు, దారి తప్పుదామన్నా తప్పలేరు. ఎనిమిది రోజులు చాలు. ఆపైన బ్రాటిస్లావా, బుడాపెస్ట్ దాకా సాగదీసుకోవచ్చు. అట్లాంటిక్ తీరం నుంచి నల్లసముద్రం దాకా వెళ్ళే యూరోవేలో 6 అనే సైకిలు దారిలో ఇదొక ముక్క. పదేళ్ళ పిల్లలు అమ్మానాన్నల వెనక తొక్కుకుంటూ పోతుంటారు. నేను చదువుకోసం వచ్చి, మొదటి వేసవిలో పాత సైకిలు కొని, కూరగాయల సంచులు కట్టుకుని వెళ్ళాను. అంతకంటే తక్కువ సన్నాహంతో ఎవరూ వెళ్ళి ఉండరు.

ఎర్రమట్టి · అనంతపురం · అక్టోబరు 12

అడిగింది వియత్నాం, చెప్పేది ఆస్ట్రియా. పైగా షెంగెన్ వీసాకు, అంటే ఐరోపా దేశాల ఉమ్మడి వీసాకు, అపాయింట్‌మెంటు దొరకాలి, కనీసం 30 వేల యూరోలకు వైద్య బీమా చూపించాలి, అక్కడ ఒక రాత్రి బస ఖర్చుతో వియత్నాంలో నాలుగు రాత్రులు గడుస్తాయి.

నా మాట ఇంకా కటువుగా ఉంటుంది. రెండూ వద్దు. నిండు సామానుతో ఒంటరిగా మన ఊళ్ళలోనే మూడు రోజులు ఎప్పుడైనా తిరిగారా? లేదంటున్నారు. మరి ఆ పరీక్ష వేల కిలోమీటర్ల అవతల పెట్టుకోవడం ఎందుకు? బ్రెవే వేరు, యాత్ర వేరు. బ్రెవేలో సైకిలు తేలిక, ముగియగానే ఇల్లు. యాత్రలో ఏడో రోజు పొద్దున లేచి తడి బూట్లు మళ్ళీ వేసుకోవాలి.

గోదావరి_గట్టు · అక్టోబరు 12

ఎర్రమట్టి గారూ, మీ మాట గుచ్చుకుంది, నిజం కాబట్టి. డిసెంబరులో రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లి వెళ్ళి వస్తాను, ఒక్కదాన్నే, మొత్తం సామానుతో. వచ్చాక ఇక్కడ రాస్తాను.

డాన్యూబ్ గారూ, మీ నది మీద నాకు కోపం లేదు. అయితే తప్పిపోవడానికి వీలులేని దారి అని మీరు ఊరిస్తుంటే నాకు ఉత్సాహం తగ్గుతోంది.

చెయిన్_నూనె · విజయవాడ · అక్టోబరు 14

మాది సైకిలు షాపు. పెట్టె కట్టడం గురించి మాత్రం చెబుతాను, మిగతావి పెద్దలు చెబుతారు.

కొత్త సైకిలు వచ్చిన అట్టపెట్టె ఏ షాపులో అడిగినా ఇస్తారు. ముందు చక్రం, పెడల్స్, సీటు తీసేయాలి, హ్యాండిల్ తిప్పి పక్కకు కట్టాలి. ఎడమ పెడల్ మర అందరికీ వ్యతిరేకం, విప్పేటప్పుడు కుడివైపుకు తిప్పాలి. తెలియక బలం పెట్టి మర కోసేసుకున్నవాళ్ళు నెలకొకరు మా షాపుకు వస్తారు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కొసల మధ్య ప్లాస్టిక్ అడ్డు పెట్టండి, అది లేకపోతే పెట్టె మీద బరువు పడినప్పుడు ఫోర్కు నొక్కుకుపోతుంది. అన్నిటికంటే ముఖ్యం గేర్లు మార్చే వెనక డిరైలర్. విప్పి, బట్టలో చుట్టి, చట్రం లోపలి వైపుకు కట్టండి. దాన్ని పట్టుకుని ఉండే హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క మెత్తనిది, వంగుతుంది. ప్రతి సైకిలుకూ అది వేరు, కాబట్టి మీ సైకిలుదే అదనంగా ఒకటి కొని దగ్గర పెట్టుకోండి. వియత్నాంలో ట్యూబులు, టైర్లు, బ్రేకు తీగలు దొరుకుతాయి, ఈ ముక్క దొరకదు.

టైర్లలో గాలి తగ్గించాలి, పూర్తిగా తీయకూడదు, రిమ్ముకు ఆ కాస్త మెత్తదనం కావాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే.

ఇంకోటి. మనం ఎడమవైపు తొక్కేవాళ్ళం కాబట్టి అద్దం కుడి హ్యాండిలుకు ఉంటుంది. అక్కడ కుడివైపు నడుపుతారు. అద్దం ఎడమకు మార్చుకోండి.

కాగితాల_కామేశం · గుంటూరు · అక్టోబరు 15

ఇక కాగితాలు. ఈ-వీసా 90 రోజులకు ఇస్తున్నారు, 2023 ఆగస్టు నుంచి. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు. చిరునామా చివర గవ్ డాట్ విఎన్ ఉన్న ప్రభుత్వ సైట్‌లోనే చేయండి. అచ్చం దానిలాగే కనిపిస్తూ మూడింతలు గుంజే దుకాణాలు చాలా ఉన్నాయి.

మన తెలుగువాళ్ళకు అసలు చిక్కు పేరు దగ్గర. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు, నాలుగు పేర్లు ఒకే గడిలో కుక్కిన పాస్‌పోర్టులు. పాస్‌పోర్టు అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసలు చూడండి, వీసాలో అదే పేరు అదే వరుసలో రావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఇక్కడే విమానం ఎక్కనివ్వకపోవచ్చు. మా బావమరిది పేరులో ఒక 'ఏ' తగ్గి మళ్ళీ 25 డాలర్లు కట్టాడు.

సైకిలు ఖరీదైనదైతే వెళ్ళేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోండి, చట్రం సంఖ్యతో సహా. తిరిగి వచ్చినప్పుడు అక్కడ కొన్నారా అని అడిగితే చూపించడానికి. దీనికోసం ఒక గంట ముందు వెళ్ళాలి, ఓపిక కూడా తీసుకెళ్ళాలి.

బీమా పత్రంలో సైకిలు యాత్రను మినహాయించారేమో చిన్న అక్షరాలు చదవండి.

తూరుపు_గాలి · బెంగళూరు · అక్టోబరు 18

మగవాళ్ళందరూ హ్యాంగర్ గురించీ వీసా గురించీ చెప్పారు కానీ, మీరు నిజంగా అడగాలనుకున్నది రాత్రిళ్ళ గురించి అనుకుంటాను. నేను 2019లో హనోయ్ నుంచి హొయాన్ దాకా ఒక్కదాన్నే వెళ్ళాను.

బస సులువు. ప్రతి చిన్న ఊళ్ళోనూ 'న్యా ఙీ' అని బోర్డు ఉంటుంది, అంటే విశ్రాంతి గృహం. మూడు నాలుగు గదుల ఇల్లు, కింద యజమాని కుటుంబం, ముందు గదిలో పూర్వీకుల పీఠం, దాని ముందు పళ్ళు, అగరువత్తులు. సైకిలును ఆ పీఠం పక్కనే పెట్టించేవారు. పాస్‌పోర్టు తీసుకుంటారు, పోలీసులకు వివరాలు పంపడం వాళ్ళ బాధ్యత. పొద్దున ఇచ్చేస్తారు, కానీ బయలుదేరేటప్పుడు అడిగి తీసుకోవడం మీ బాధ్యత. నేను 12 కి.మీ. వెళ్ళి వెనక్కి వచ్చాను.

ఇరవై రెండు రోజుల్లో భయపడింది ఒక్కసారే, అదీ కుక్కలకు. రేబిస్ టీకా ముందుగా వేయించుకోండి. పెద్ద నగరాల్లో ఫోను జాగ్రత్త, సైగాన్‌లో మోటారు సైకిళ్ళ మీద వచ్చి లాక్కుపోతారు. హ్యాండిలుకు తగిలించిన ఫోను ఎర్రదీపం దగ్గర తీసి సంచిలో వేసేదాన్ని. నెలసరికి కప్పు అలవాటు చేసుకుంటే ఇక్కడే రెండు నెలల ముందు నుంచి వాడండి, దారిలో కాదు.

'మీ ఆయన ఎక్కడ?' అని ప్రతిరోజూ అడుగుతారు. కొంటెతనం కాదు, మన పల్లెల్లో అడిగినట్టే. వెనక వస్తున్నాడు అని చెప్పేదాన్ని. హొయాన్ చేరేసరికి పాపం ఆయన 800 కి.మీ. వెనకబడిపోయాడు.

గోదావరి_గట్టు · డిసెంబరు 22

మారేడుమిల్లి వెళ్ళి వచ్చాను. మూడు రోజులు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెబుతాను.

మొదటి 20 కిలోమీటర్లలోనే ఎడమ మడమ ప్రతి తొక్కుకూ వెనక సంచికి తగులుతోంది. హైదరాబాదులో సంచులు ఖాళీగా కట్టి చూసుకున్నప్పుడు తగలలేదు, నిండాక పొట్ట ఉబ్బి తగిలింది. గోకవరం దగ్గర రోడ్డు పక్కన సంచులు విప్పి వెనక్కి జరిపి మళ్ళీ కట్టాను. టీ కొట్టు ఆయన చాలాసేపు చూసి, 'ఎక్కడికమ్మా, ఇల్లు మారుతున్నారా?' అన్నాడు. ఆ మాట మూడు రోజులూ చెవిలో మోగింది.

రంపచోడవరం దాటాక ఎత్తు మొదలైన చోట దిగి నడిపించాను. నడిపిస్తుంటే కూడా బరువే. రాత్రి గదిలో సంచులు మంచం మీద బోర్లించి, ఆ రోజు ముట్టుకున్నవి ఒకవైపు, ముట్టుకోనివి ఒకవైపు పెట్టాను. ముట్టుకోని కుప్ప పెద్దది. పొయ్యి, గిన్నెలు, డేరా, పరుపు, రెండు పుస్తకాలు, నాలుగు జతల బట్టలు, 'ఎందుకైనా మంచిది' అనే పేరు మీద చేరిన ఒక సంచి.

ఇంటికి వచ్చి మళ్ళీ తూచాను. 14 కిలోల 200 గ్రాములు. ముందు క్యారియరు విప్పేశాను. డేరా ఒక్కటే తేల్చుకోలేకపోతున్నాను.

డాన్యూబ్_ఒడ్డున · డిసెంబరు 22

డేరా వదలకండి. చీకటి పడే వేళకు ఊరు రాకపోతే? డేరా ఉంటే ఏ చెట్టు కింద అయినా ఇల్లే. వార్మ్‌షవర్స్ అని సైకిలు యాత్రికులకు ఉచితంగా చోటిచ్చేవాళ్ళ బృందం ఉంది, 1993 నుంచి నడుస్తోంది. అందులో చాలామంది పెరట్లో డేరా వేసుకోమంటారు.

వాల్తేరు_వాలు · డిసెంబరు 23

ఐరోపాలో అది నిజం. వియత్నాంలో పది, పదిహేను కిలోమీటర్లకు ఒక గది, అదీ మన డబ్బుల్లో వెయ్యి రూపాయల లోపు, వేడినీళ్ళతో. నేను డేరా మోసుకెళ్ళి 29 రాత్రుల్లో సున్నా సార్లు వేశాను. రెండున్నర కిలోలు దేశం చూసి వచ్చాయి. ఒక్క ఫోంగ్ న్యా నుంచి ఖే సాన్ అడవి దారిలో మాత్రం 230 కి.మీ. పాటు దాదాపు ఏమీ ఉండదు, బస దొరికే చోట్లు ఒకటి రెండే. అక్కడ ముందే ఫోను చేయించి గది ఉందని నిర్ధారించుకుని వెళ్ళాలి, లేదా తీరం దారి పట్టాలి.

ఎర్రమట్టి · డిసెంబరు 23

31 నుంచి 14కు వచ్చారంటే ఇక నేను నోరు మూసుకుంటాను. వెళ్ళండి. ఇంట్లో చెప్పారా?

గోదావరి_గట్టు · జనవరి 16, 2026

భోగి నాడు చెప్పాను. అమ్మ ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు, ఎన్ని రోజులని అడిగింది. నాన్నగారు మాట్లాడలేదు. రెండు రోజులు పేపరు చదివారు. ఈ రోజు పొద్దున బస్సెక్కించడానికి వచ్చి, 'అక్కడ అన్నం దొరుకుతుందా?' అన్నారు. అంతే. దీనికి జవాబు మీరే చెప్పాలి. నేను గుడ్డు తింటాను, మాంసం, చేప తినను.

వాల్తేరు_వాలు · జనవరి 16

మీ నాన్నగారికి చెప్పండి, అది అన్నం దేశం. కొమ్ తమ్ అని దక్షిణాన ప్రతి వీధిలో అమ్ముతారు, అది మన నూకల అన్నమే. వెల్లుల్లి వేసి వేయించే రావ్ మువాంగ్ అనే ఆకు మన చెరువుల్లో ఉండే తూటికూర. సరస్వతి ఆకును రుబ్బి పచ్చటి రసం తీసి ఐసు వేసి ఇస్తారు. ఎండలో చెరుకు రసం అడుగడుగునా.

చిక్కు చేపలను పులియబెట్టి తీసిన నీళ్ళతో, అంటే నూక్ మామ్‌తో. ఉప్పు వేసినట్టు అన్నిట్లో వేస్తారు. 'చాయ్' అనే మాట నేర్చుకోండి, మన టీ కాదు, శాకాహారం. ఆ బోర్డున్న పూటకూళ్ళు బౌద్ధాలయాల చుట్టుపక్కల ఉంటాయి. పౌర్ణమికీ అమావాస్య మరునాటికీ చాలామంది ఇళ్ళలో మాంసం తినరు, ఆ రోజుల్లో వీధి పక్కన కూడా శాకాహారం దొరుకుతుంది. మిగతా రోజుల్లో గుడ్డుతో బన్ మీ రొట్టె. నేను తిరిగి వచ్చేసరికి దాని పేరు వింటే పారిపోయేవాణ్ణి.

దారి ఇలా వేసుకోండి. హనోయ్ నుంచి మొదటి జాతీయ రహదారి పట్టుకోవద్దు, లారీలు తప్ప ఏమీ కనబడదు. పడమరగా హొవా బిన్, మై చావ్ కొండల మీదుగా హోచిమిన్ రోడ్డు ఎక్కండి. యుద్ధకాలపు హోచిమిన్ దారికి మొదటి రాయి తాన్ కీ అనే ఊళ్ళో ఉంది, అది దారిలోనే. అక్కడి నుంచి ఫోంగ్ న్యా గుహలు. అడవి దారి వద్దనుకుంటే డోంగ్ హొయ్‌లో తీరానికి దిగి, ఒకప్పుడు దేశాన్ని రెండు ముక్కలు చేసిన బెన్ హాయ్ నది దాటి హ్యూ చేరవచ్చు. తర్వాత హైవాన్ కనుమ. పేరుకు సముద్ర మేఘం అని అర్థం. 21 కి.మీ. దారి, శిఖరం 496 మీటర్లు. 2005లో కింద సొరంగం తెరిచాక బస్సులూ లారీలూ అటు పోతున్నాయి, పైన మిగిలింది మోటారు సైకిళ్ళు, ఇంధనం ట్యాంకర్లు, మనం. మన అనంతగిరి ఘాటు ఎక్కి అరకు చేరినవాళ్ళకు ఇది లెక్కలోది కాదు.

హొయాన్ నుంచి మీసాన్‌కు ఒక రోజు పెట్టుకోండి. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజ్యపు రాజు భద్రవర్మ నాలుగో శతాబ్దంలో భద్రేశ్వరుడనే పేరుతో శివుణ్ణి ప్రతిష్ఠించిన చోటు. ఎర్ర ఇటుకల గుళ్ళు, 1969 బాంబుల్లో సగం పోయాయి. దక్షిణాన ఫాన్‌రాంగ్ దగ్గర పో క్లోంగ్ గరాయ్ గుడిలో ఆ చంపా వారసులైన చామ్ జాతివాళ్ళు ఇప్పటికీ పూజలు చేస్తున్నారు. గర్భగుడిలో ముఖలింగం ముందు నిలబడినప్పుడు నాకు శ్రీముఖలింగం గుర్తొచ్చింది. చెమటతో, హెల్మెట్ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

సైగాన్‌లోకి పెద్ద రోడ్డు మీద వెళ్ళకండి. వుంగ్ తావ్ నుంచి కాన్ జోకు పడవ ఉంది, సైకిలు ఎక్కించుకుంటారు. మడ అడవుల మధ్య నుంచి నిశ్శబ్దంగా నగరంలోకి జారుకోవచ్చు.

ఇంకో మాట. 2025 జూలైలో వాళ్ళు 63 రాష్ట్రాలను 34 చేశారు. పాత మ్యాపుల్లో పేర్లూ కొత్త చిరునామాలూ కలవవు. ఊరి పేరు పట్టుకుని పోండి, రాష్ట్రం పేరు నమ్మొద్దు.

తూరుపు_గాలి · జనవరి 17

డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదే! 20 వేల డాంగ్ నోటూ 5 లక్షల డాంగ్ నోటూ రెండూ నీలం రంగే, రెండూ ప్లాస్టిక్కే. మొదటిది మనకు 70 రూపాయలు, రెండోది 1,700. చెరుకు రసానికి 5 లక్షలు ఇచ్చి నడిచిపోతుంటే బండి ఆమె పరుగెత్తుకొచ్చి భుజం తట్టి ఇచ్చింది. రెండు నోట్లనూ వేర్వేరు జేబుల్లో పెట్టండి.

పాతకాగితాల_సంచి · తెనాలి · జనవరి 18

చిన్న పక్కదారి. వియత్నాంకు మన సైకిలువాళ్ళు కొత్తేమీ కాదు. బెంగాల్ నుంచి వెళ్ళిన రామనాథ్ విశ్వాస్ 1931లో సింగపూర్‌లో సైకిలెక్కి మలయా, సయాం మీదుగా ఇండోచైనా దాటి చైనా వెళ్ళాడు. అప్పుడు వియత్నాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. గేర్లు లేవు, ఫోను లేదు, ఫోర్కు మధ్య పెట్టే ప్లాస్టిక్ అడ్డూ లేదు. సంచి ఎన్ని కిలోలో మాత్రం ఎక్కడా చదవలేదు.

గోదావరి_గట్టు · మార్చి 1, రాత్రి

హనోయ్ నుంచి బయలుదేరాను. కానీ ముందు చెడ్డ వార్త.

పెట్టె ఒక మూల చితికిపోయి వచ్చింది. హోటలు ముందు కాలిబాట మీద విప్పితే వెనక హ్యాంగర్ వంకర. చెయిన్_నూనె గారూ, మీకు నమస్కారం. మీరు కొనమన్న ముక్క సంచిలో ఉంది. కానీ నాకు బిగించడం రాదు! గేర్లు సరిచేయడం అసలే రాదు. ఫోనులో వీడియో పెట్టుకుని గంటన్నర కుస్తీ పట్టాను. ఎదురుగా పంపు, నీళ్ళ పళ్ళెం పెట్టుకుని పంక్చర్లు వేసే పెద్దాయన సిగరెట్టు ముగించి వచ్చి, నన్ను పక్కకు జరిపి, సైకిలు బోర్లించి, పది నిమిషాల్లో గేర్లు పలికించాడు. డబ్బు తీసుకోలేదు. హ్యాండిలుకు ఎడమవైపున్న అద్దం చూసి తలూపాడు, అది ఒక్కటే నేను సరిగా చేసినట్టు.

ఈ రోజు ఆదివారం. తెల్లవారి ఐదుకే బయటపడ్డాను. ఖాళీ రోడ్డు మీద కూడా మొదటి కూడలిలో అలవాటుగా ఎడమవైపుకు వెళ్ళిపోయాను, ఒక మోటారు సైకిలు నవ్వుతూ తప్పుకుంది. తుంపర, 16 డిగ్రీలు. వాన కోటు ఉంది, వాల్తేరు గారూ.

38 కి.మీ. మాత్రమే తొక్కి ఆగిపోయాను. కాళ్ళు బాగానే ఉన్నాయి, ఇంకో యాభై వెళ్ళవచ్చు. కానీ ఉదయం నుంచి ఎవరితోనూ ఒక్క వాక్యం మాట్లాడలేదని తెలిసేసరికి ఏదో అయింది. గదిలో కూర్చుని ఒక గంట ఏమీ చేయలేదు. ఇది మామూలేనా?

తూరుపు_గాలి · మార్చి 1

మామూలే. నేను మొదటి రోజు 27. మూడో రోజుకు మీరే మీతో మాట్లాడడం మొదలుపెడతారు, ఐదో రోజుకు సైకిలుతో. ఏదైనా వేడిగా తిని పడుకోండి.

ఎర్రమట్టి · మార్చి 1

38 అంటే 38. రేపు తడి బూట్లలో పేపరు కుక్కి పెట్టండి.

గోదావరి_గట్టు · మార్చి 19, ఉగాది

అందరికీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు. హ్యూ దాటి లాంగ్ కో మడుగు దగ్గర ఉన్నాను. మొత్తం 1,010 కి.మీ. అయింది. రేపు హైవాన్.

రోడ్డు పక్కన ఊయల కాఫీ కొట్టు. వీటి గురించి ఎవరూ చెప్పలేదేమిటి? రేకు పైకప్పు కింద వరసగా పన్నెండు వల ఊయలలు. ఒక ఐసు కాఫీ కొనుక్కుంటే మిట్టమధ్యాహ్నం రెండు గంటలు పడుకోవచ్చు, ఎవరూ లేపరు. పక్క ఊయలలో లారీ డ్రైవరు గురక. ఫోంగ్ న్యా నుంచి తీరం దారే పట్టాను. అడవి దారికి ధైర్యం చాలలేదు, చాలకపోయినా ఏమీ అనిపించలేదు.

కొట్టు ఆమె పచ్చి మామిడి ముక్కలు, ఉప్పు కారం కలిపిన గిన్నె తెచ్చి పెట్టింది. నా దగ్గర బెల్లం ముక్క ఉంది, అమ్మ కట్టినది. చింతపండు అడిగితే దొరికింది. వేపపువ్వు లేదు. కాఫీ చేదుగా ఉంది కాబట్టి సరిపెట్టుకున్నాను. నాన్నగారికి ఫోటో పంపితే, 'గాలి సరిగా కొట్టించావా' అని ఒక్క ముక్క జవాబు.

అసలు అడగాల్సింది ఇది. రెండు రోజులుగా తొక్కుతున్నప్పుడు 'టిక్, టిక్' అని శబ్దం. కుడికాలు కిందికి వచ్చినప్పుడల్లా ఒకసారి. ఎత్తులో ఎక్కువ. రేపటి కనుమ ముందు భయంగా ఉంది. పెడల్‌ను పట్టుకునే కడ్డీ, ఆ క్రాంకు పోయిందా?

చెయిన్_నూనె · మార్చి 19

కుడి పెడల్ బిగింపు ముందు చూడండి. ఊరి నుంచి వెళ్ళాక ఒకసారైనా మళ్ళీ బిగించారా? విప్పి, మరకు కొంచెం గ్రీజు రాసి బిగించండి. తగ్గకపోతే సీటు గొట్టం తీసి తుడిచి పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే సీటు మీద కూర్చోకుండా నిలబడి తొక్కి చూడండి. నిలబడినప్పుడు రాకపోతే అది క్రాంకు కాదు.

గోదావరి_గట్టు · మార్చి 19, సాయంత్రం

పెడల్ బిగించాను, తగ్గలేదు. సీటు గొట్టం తుడిచాను, తగ్గలేదు. నిలబడి తొక్కితే రావడం లేదు. చివరికి లారీ డ్రైవరు లేచి, నేను అటూ ఇటూ తొక్కుతుంటే పక్కన నడుస్తూ చెవి ఒగ్గి విన్నాడు. నా బూటు లేసు చివరి ప్లాస్టిక్ ముక్క. కూర్చుని తొక్కినప్పుడల్లా క్రాంకుకు తగులుతోంది.

కత్తిరించాను. రేపు పొద్దున ఐదున్నరకు బయలుదేరుతాను.

చెయిన్_నూనె · మార్చి 19

కత్తిరించిన కొస కాల్చండి, లేకపోతే దారాలు ఊడతాయి.